చావడిలోని పేక - సెల్‌ఫోనులోని పేక

పేకాటను గూర్చి గృహిణులు చదువుకొను పత్రికలో వ్రాయబూనుట కొందఱు సోదరీమణులకు రుచింపకపోవచ్చును. జూదమునకును సంసారమునకును చుక్కెదురని మనము చిన్ననాటినుండి వినుచున్నవారమే. అయినను పేకముక్క కంటబడని యిండ్లు మనలో నెన్ని యున్నవి? పెండ్లివారి విడిదిలో, సంక్రాంతి సెలవులలో, వేసవి మధ్యాహ్నములందు చాపపై పేక పఱచుకొని కూర్చుండని కుటుంబము కృష్ణా గుంటూరు మండలములలో నేనెఱిగినంతవఱకు అరుదు. గురజాడవారు కన్యాశుల్కములో మధురవాణి యింట పేకాట పెట్టి యెంత హాస్యము పుట్టించిరో చదివినవారెఱుగుదురు. ఇప్పుడు నేను చెప్పదలచినది పేక ఆడవచ్చునా, ఆడరాదా యను పాత వివాదము కాదు. ఎదురెదురుగ కూర్చుండి ఆడెడి ఆట యొకటి. సెల్‌ఫోను తెఱపై ఆడెడి ఆట మఱియొకటి. ముక్కలు పదమూడే, నియమము లవియే, పేరును రమ్మీయే. అయినను ఈ రెండును ఒక్క ఆట కాదని నా అభిప్రాయము. రెంటిని దగ్గఱనుండి చూచినదానను గనుక వ్రాయ సాహసించుచున్నాను.

మా అత్తవారిది దివిసీమలోని పల్లెటూరు. నేను కాపురమునకు వచ్చిన 1978 నాటికి ఆ యింటి చావడిలో పండుగ మూడు దినములును పేకాట సాగుట ఆచారముగ నుండెను. మా అత్తగారికి అక్షరములు రావు. అయినను ఇస్పేటు, కళావరు, ఆఠీను, డైమను అను నాలుగు రంగులలో ఏ ముక్క పడినది, ఏది ఇంకను పడవలసియున్నది ఆమెకు కంఠపాఠము. మామూలు దినములలో పందెము చింతగింజలు. పండుగకు మాత్రము పాయింటుకు పైసా. లెక్క నిండుగ పడినను ఎనుబది పాయింట్లే గనుక, ఎంత దురదృష్టవంతుడైనను ఒక ఆటకు ఎనుబది పైసలకంటె పోగొట్టుకొనజాలడు. రాత్రి పదునొకండు గంటల వఱకు ఆడినను ఇరువది రూపాయలు దాటి పోగొట్టుకొన్నవారిని ఆ చావడిలో నేను చూడలేదు. ఆ ఇరువది రూపాయలకే మఱునాడు మధ్యాహ్నము వఱకు నిందలు, నిష్ఠూరములు!

ఆ ఆటలో ముక్కలకంటె ముఖములను చదువుట ముఖ్యము. మా పినమామగారికి జోకరు వచ్చెనా, ఆయన చేయి తనంత తానే కండ్లజోడు మీదికి పోయెడిది. పై పంచెతో అద్దములు తుడుచుకొనెడివారు. ఆ సంగతి చావడిలో నందఱకు తెలియును, ఆయనకు తక్క. మా పెద్ద తోడికోడలికి లైఫు కుదిరినచో గాజులు మోచేతివైపు త్రోసికొనెడిది. మా ఆడపడుచు చేయి చెడినపుడు నవ్వెడిది, బాగున్నపుడు మూతి ముడిచెడిది. ఆ తలక్రిందుల వేషము మాకు రెండేండ్లకు గాని పట్టుబడలేదు. అత్తగారి ముఖమున మాత్రము ఏ ముక్కయు కానవచ్చెడిది కాదు. తమలపాకు నమలుచు, చూచియు చూడనట్లు, ఎదుటివారు విడిచిన ముక్కనే కావలసి చేయి చాపెడిది. ఆమె గెలిచినపుడు ఎవరికిని కోపము వచ్చుట నేనెఱుగను.

ఇంకొక విశేషము. ఆ ఆట ఆగుటకు నూఱు కారణములు సిద్ధముగ నుండెడివి. చంటిబిడ్డ లేచిన ఆగవలెను. గేదెల పాలు పితుకు వేళకు ఆగవలెను. ఎసరు మరిగిన ఆగవలెను. పేక కలిపి, కోసి, పంచి, చూచుకొని, పేర్చుకొనునంతలో పది నిమిషములు. ఆట ముగిసిన పిమ్మట ఎవరి చేతిలో ఎన్ని పాయింట్లని కాగితముపై వేయునపుడు తగవు. తగవు తీరులోపల కాఫీలు. అరగంటకు రెండు, మహా యైన మూడు ఆటలు. ఈ జాప్యము మాకప్పుడు విసుగు పుట్టించెడిది. అది ఆటకు కళ్లెమువంటిదని ఇప్పుడు తోచుచున్నది.

ముఖమును చదువుట మన చావడులకే చెందిన విద్య కాదు. అమెరికా దేశమున పోకరు అను పేకాట కలదు. లాస్ వేగాస్ నగరమున జరుగు జగత్పోటీలలో ఆటగాండ్రు నల్లని కండ్లజోళ్లు ధరించి, టోపీలు కనుబొమలవఱకు దించుకొని కూర్చుందురు. కనుపాప కదలికనుబట్టి ఎదుటివాడు చేతిలోని ముక్కను పసిగట్టునని వారి భయము. దశాబ్దములుగ ముఖములు చదివి పండిన ఆ సభకు 2003లో టెన్నెసీ రాష్ట్రపు గణకుడొకడు వచ్చెను. పేరు క్రిస్ మనీమేకరు. అది మాఱుపేరు కాదు, ఇంటిపేరే! అతడు కంప్యూటరుపై నూఱు డాలర్లకు లోపు రుసుముతో ఒక చిన్న పోటీలో గెలిచి, దానివలన ఈ పెద్ద పోటీకి ప్రవేశము సంపాదించెను. 839 మందిలో మొదటివాడై ఇరువదియైదు లక్షల డాలర్లు తీసికొని పోయెను. ఆ వార్తతో కంప్యూటరు పోకరు దేశదేశముల వ్యాపించినది. బల్లయొద్ద గంటకు ముప్పది ఆటలు దాటుట కష్టము. తెఱపై ఒక్కడే నాలుగైదు బల్లలు ఒక్కసారి తెఱచుకొని వందలకొలది ఆడవచ్చును. పూర్వులు ఇరువది యేండ్లలో చూచిన ఆటలను ఈ కుఱ్ఱవాండ్రు రెండేండ్లలో చూచివేయుదురు. నేర్చుకొనువానికి అది లాభమే. పోగొట్టుకొనువానికో? ఇరువది యేండ్ల నష్టమును రెండేండ్లలో అనుభవింపవలసియుండును.

ఇంత చెప్పి, ఎదురుగ కూర్చుండి ఆడిన ఆట యంతయు పవిత్రమని నేననను. మా ఊరి మామిడితోటలో మూడు ముక్కలాట ఆడి రెండెకరముల మాగాణి పోగొట్టుకొన్న గృహస్థును నేనెఱుగుదును. ధర్మరాజు ఆడినది నిండు సభలోనే గదా! భీష్మద్రోణులు చూచుచుండగనే సర్వస్వము పోయినది. పదిమంది కన్నులు ఎదుట నున్నంతమాత్రమున పాచిక ఆగదు. ఆ సభకు రమ్మని పిలువ వచ్చినవానిని ద్రౌపది అడిగిన ప్రశ్న, ఆయన ముందుగ తన్ను తానోడెనా, నన్నోడెనా యను ప్రశ్న, నేటికిని సరియైన సమాధానము లేక నిలిచియున్నది.

కాని నాకు ఈ విషయమున ద్రౌపదికంటె దమయంతి యెక్కువగ జ్ఞప్తికి వచ్చుచుండును. పుష్కరునితో నలుడు జూదమాడుచు బంగారము, రథములు, గుఱ్ఱములు ఒకటొకటిగ ఓడుచుండగా, ఆమె మంత్రులను పిలిపించెను, పౌరులను వాకిట నిలిపెను, తానును చెప్పిచూచెను. వినలేదు. ఇక నిలువదని గ్రహించి, వార్ష్ణేయుడను సారథిని పిలిచి, పిల్లలిద్దఱను రథమెక్కించి కుండిన నగరమునకు పుట్టింటికి పంపివేసెను. భర్తను ఆపలేకపోయినను బిడ్డలను కాపాడుకొన్నది. అది యెట్లు సాధ్యమైనది? ఆట తన యింటిలో, తన కంటియెదుట జరుగుచున్నది గనుక. ఎంత పోయినదో, ఇంకెంత మిగిలినదో ఆమెకు తెలియును గనుక. నలుడు సెల్‌ఫోనులో ఆడియుండినచో దమయంతికి రథము కట్టించు వేళ తెలిసియుండునా?

ఇది ఊరక వేసిన ప్రశ్న కాదు. మా అక్కగారి కుమారుడు విజయవాడలో ఒక ప్రైవేటు కార్యాలయమున ఉద్యోగి. నెమ్మదస్థుడు, బాల్యమున మా చావడిలోనే ఆట నేర్చినవాడు. 2019లో నేను కంటి వైద్యమునకై వారి యింట పదిదినము లుంటిని. రాత్రి భోజనములైన పిదప అతడు వసారాలో కూర్చుండి ఫోను చూచుకొనుచుండెను. పేకముక్కలు కనబడగా నాకును వేడుక పుట్టి ప్రక్కన కూర్చుంటిని.

ఏమి వేగము! ముక్కలు పంచువారు లేరు, తెఱపై పడియున్నవి. పేర్చుకొననక్కఱలేదు, ఒక బొత్తాము నొక్కినచో రంగులవారీగ అవియే పేరుకొన్నవి. ఒక్కొక్కరి వంతునకు అర నిమిషము. ఆలసించినచో ఎఱ్ఱని గీత తఱుగుచు హెచ్చరించును. ఎదుటివారు అయిదుగురు. వారికి ముఖములు లేవు. గుండ్రని బొమ్మలును, అంకెలు తగిలించిన మాఱుపేర్లును గలవు.

"వీరెవరు నాయనా?" అని అడిగితిని.

"ఎవరో తెలియదు పిన్నీ. ఏ ఊరివారో!" అనెను.

"వీరిలో ఇద్దఱు ఒక్క గదిలో కూర్చుండి ఒకరి ముక్కలొకరు చూపుకొనుచున్నచో?"

"కంపెనీవారు కనిపెట్టుచుందురట" అని తల యెత్తకయే చెప్పెను.

నేను గోడ గడియారము చూచుకొంటిని. అరగంటలో పదునొకండు ఆటలు ముగిసినవి. మధ్యలో బిడ్డ యేడ్చినది. కోడలు లోపలినుండి పిలిచినది. మా చావడిలో అది ఆట ఆగు సమయము. ఇక్కడ ఆగినచో ఆట తనంత తానే సాగి అతని పాయింట్లు లెక్కలో పడును. "ఇదొక్కటి, వచ్చుచున్నాను" అని అతడు నాలుగు మాఱులు బదులు చెప్పుట వింటిని. పాయింటుకు ఎంత యని అడుగగా రెండు రూపాయలనెను. అనగా నిండు లెక్కకు నూట అఱువది. వినుటకు చిన్న మొత్తమే. కాని అరగంటకు పదునొకండు ఆటలనినపుడు ఆ నూట అఱువది యెంతలేసి రెక్కలు తొడుగునో లెక్కవేసి, ఆ రాత్రియే అతనితో చెప్పితిని. నవ్వి, "సుప్రీముకోర్టే ఇది నేర్పుగల ఆట యన్నది పిన్నీ" అనెను.

ఆ తీర్పు సంగతి నేనును తరువాత చదివితిని. సికిందరాబాదులోని యొక క్లబ్బుపై పోలీసులు తెచ్చిన అభియోగము అది. 1968 నాటి న్యాయనివేదికలలో చేరియున్నది. రమ్మీ మూడు ముక్కలాట వంటిది కాదనియు, పడిన ముక్కలను జ్ఞప్తియందుంచుకొనుట, ఏది నిలుపవలెనో యేది విడువవలెనో యెఱుగుట అందు ముఖ్యమనియు, కావున అది ప్రధానముగ నేర్పుతో కూడిన ఆటయనియు న్యాయాధిపతులు చెప్పిరి. మా అత్తగారు బ్రతికియుండగ వినిపించినచో సంతోషించెడిది. కాని అదే తీర్పులో మఱియొక మాట యున్నది. ఇంటి యజమానిగాని క్లబ్బుగాని ఆ పందెపుటాటనుండి లాభము తీయుచున్నట్లు రుజువైనచో నేరము నిలువవచ్చునని. ఆన్‌లైను కంపెనీలవారు తీర్పులోని మొదటి సగమును నెత్తికెత్తుకొనిరి. రెండవ సగమును ప్రకటనలలో నేను చూడలేదు.

ఈ రెండవ సగములోనే గృహిణులకు పనికివచ్చు లెక్క యున్నది. మా చావడిలో తోడికోడలు ఓడిన డబ్బు ఆడపడుచునకు చేరెడిది. సాయంత్రమునకు ఇంటిలోని డబ్బు ఇంటిలోనే, చేతులు మాఱి యుండెడిది. ఫోనులో గెలిచినవానికి ముట్టుటకు ముందే కంపెనీవారు తమ వంతు తీసికొందురు. ప్రతి ఆటకును తీసికొందురు. సమానమైన నేర్పుగల ఆఱుగురు చాలకాలము ఆడినచో ఆఱుగురును నష్టపడవలసినదే. ఆఱుగురి సొమ్ములోనుండి ఏడవవాడు, ముక్క ముట్టనివాడు, తినుచున్నాడు గనుక. ఎంత నేర్పు ఉండినచో ఆ ఏడవవాని వంతు పోను మిగులునో మా వాడు లెక్క చూచుకొన్నట్లు లేదు.

మఱియు డబ్బు కంటికి కానరాదు. చావడిలో పైసలు చాపమీద కుప్పగ నుండెడివి. కుప్ప తఱుగుట తెలిసెడిది. ఫోనులో నున్నది అంకె. అంకె తఱిగినచో వ్రేలితో నొక్కి మరల పెంచుకొనవచ్చును. రెండు దినములు ఆడకున్నచో ఫోనే పిలుచును: ఇంత బహుమాన మిచ్చెదము, ఇన్ని గంటలలోపల రమ్ము అని. మా పినమామగారు ఎంత ఆటపిచ్చి కలవారైనను, అర్ధరాత్రి తలుపు తట్టి ఎవరినిగాని ఆటకు లేపలేదు.

2020లో కరోనా కారణమున కార్యాలయములు మూతపడి అందఱును ఇండ్లలో నుండిన ఆ నెలలలో ఏమి జరిగినదో శ్రావణమాసములో తెలిసినది. వరలక్ష్మీవ్రతమునకు అలంకరింపవలెనని కోడలు బీరువా తెఱచినది. పుట్టింటివారు పెట్టిన కాసులపేరు పెట్టెలో లేదు. బ్యాంకులో కుదువ పెట్టబడియున్నది. అదిగాక ఫోనులోనే అప్పులిచ్చెడి యాప్‌లు మూడింటివద్ద అప్పు; తోటి ఉద్యోగులవద్ద చేబదుళ్లు. అంతయు కలిపి ఆఱు లక్షల చిల్లర. భర్త ప్రక్కనే పరుండిన మనిషికి, ఒక్క కప్పు క్రింద పదునైదు నెలలుగ జరిగిన సంగతి, ఖాళీ నగలపెట్టె చూచు వఱకు తెలియలేదు. ఆమె నాకు ఫోను చేసి, "అత్తయ్యగారూ, పొరుగింటి ఆడుదానితో పోయినాడని వినినను ఇంత ఆశ్చర్యపడకపోదును. అది నలుగురైన చూచి చెప్పుదురు గదా" అని యేడ్చినది.

ఆ సెప్టెంబరులోనే ఆంధ్రప్రదేశ ప్రభుత్వము పందెపు రమ్మీని, పోకరును ఆన్‌లైనులో ఆడుట నిషేధించెను. తెలంగాణములో 2017లోనే నిషేధమున్నది. కాని ఫోను ఏ రాష్ట్రములో నున్నదో మఱుగుపఱచి ఆడు ఉపాయములు కుఱ్ఱవాండ్రకు తెలియనివి కావు. 2025 ఆగస్టులో పార్లమెంటు దేశమంతటికి చట్టము చేసినది. నేర్పా, అదృష్టమా యను అఱువదియేండ్ల తర్కమును ప్రక్కకు నెట్టి, డబ్బు పెట్టి ఆడెడి ఆన్‌లైను ఆటలనన్నిటిని అది నిషేధించినది. ఆడించువారికి మూడేండ్ల వఱకు కారాగారము, కోటి రూపాయల వఱకు జరిమానా. ఆడినవారికి శిక్ష లేదు. ఈ చివరి మాట నాకు నచ్చినది. మా కోడలివంటి వారికి మగడు జైలులో నుండుట వలన ఒరుగునది లేదు. కంపెనీలు కొన్ని న్యాయస్థానముల కెక్కినవి. పరదేశములనుండి నడుచు దొంగ యాప్‌ల నెట్లు ఆపుదురో పాలకులు చూచుకొనవలెను.

ఒక న్యాయము మాత్రము చెప్పక తీరదు. తెఱపై ఆట యంతయు విషము కాదు. మా పినమామగారి మనుమరాండ్రలో ఒకతె డల్లాసులో, మఱియొకతె హైదరాబాదులో, పెద్ద తోడికోడలు ఊరిలోనే. వారు శనివారముల వీడియోలో ఒకరి నొకరు చూచుకొనుచు, డబ్బు లేని బల్లపై రమ్మీ ఆడుదురు. అక్కడ ఉదయము కాఫీ వేళ, ఇక్కడ రాత్రి భోజనానంతరము. డెబ్బది తొమ్మిదేండ్ల తోడికోడలు మోకాళ్ల నొప్పులతో గడప దాటలేదు. ఈ ఆటకై తల దువ్వుకొని కూర్చుండును. ఒకనాడు చేయి కుదరగా ఆమె గాజులు పైకి త్రోసికొనుట డల్లాసునుండి మనుమరాలు కనిపెట్టి కేక వేసినదట! క్లబ్బులలోనికి ఆడువారిని రానీయని కాలమును చూచినదానను. కూర్చున్న చోటనే తోడు దొరకుట చిన్న మేలు కాదు. అయితే అందు ముఖము లున్నవి, పందెము లేదు, ప్రొద్దెక్కినచో వారిలో నొకతె ఉద్యోగమునకు లేచి పోవును. నాకు అదియును చావడి ఆటగనే కనబడుచున్నది.

ఇక మా వాని సంగతి. అప్పులన్నియు ఒక బ్యాంకు అప్పులోనికి మార్చుటకు మా వారును, వియ్యంకులవారును పూచీపడిరి. జీతము పడిన సమాచారము ఇప్పుడు కోడలి ఫోనునకు వచ్చును. అతని ఫోనునుండి డబ్బు కదలినచో ఆమెకు వెంటనే తెలియును. ఈ యేర్పాటునకు అతడే మొదట అభ్యంతరము చెప్పి, పిమ్మట అతడే బ్యాంకునకు పోయి వ్రాసియిచ్చెను. కాసులపేరు రెండేండ్లకు విడిపించిరి. కోడలు దానిని పుట్టింట తల్లి బీరువాలో నుంచినది. వ్రతమునకు తెచ్చుకొని, మఱునాడే పంపివేయుచున్నది. "ఇంకను ఎందులకమ్మా?" అని నేనడుగగా, "అక్కడ నుండనిండు అత్తయ్యగారూ" అనినది. బ్యాంకు వాయిదాలు ఈ నెలతో కలిపి ఇంకను పదునెనిమిది యున్నవి.